గొడుగంత దూరం

ఆయన నాకు సారీ చెప్పకుండానే పోయారు.

పోయిన నెలలో ఒక ఉదయం ఆఫీసుకి బయల్దేరి టోవా పాయో రైలు స్టేషన్ వైపు నడుస్తుంటే, పక్క బ్లాకు కింద ఖాళీ జాగాలో తెల్ల గుడ్డలు కట్టి, గుండ్రటి బల్లలు వేసి, జ్యూస్ పొట్లాల పెట్టెలు దింపుతున్నారు. మా వైపు ఇలా కనిపించిందంటే ఎవరో పోయారన్నమాట. ఆగి ఫొటో చూశాను. ఆయనే. ఫొటోలో కూడా నన్ను కాస్త వెనక్కి జరగమన్నట్టే చూస్తున్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మర్యాద కోసం కాదు. నా పేరేమిటని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు, అందుకని.

సన్నటి మనిషి. ఇస్త్రీ చేసిన పొట్టి చేతుల చొక్కా, మోకాళ్ళ దాకా వచ్చే నిక్కరు, రబ్బరు చెప్పులు. మెడలో ఎర్ర పట్టీకి వేలాడే కార్డు. చేతిలో వంపు పిడి ఉన్న పొడవాటి నల్ల గొడుగు. మహమ్మారి రోజుల్లో మనిషికీ మనిషికీ మధ్య ఒక మీటరు దూరం ఉండాలని సింగపూరంతా బోర్డులు పెట్టారు గదా, ఆ మీటరుని మా పేటలో అమలు చేసే పని ఆయనది. చెయ్యి చాపి గొడుగు మొనతో చుట్టూ ఒక సున్నా గీసేవారు. ఆ సున్నాలో ఎవరి డొక్క ఉంటే వాళ్ళ డొక్కలో గొడుగు. పొడిచాక క్షమించమనడం లేదు. "సూసేవా, తగిలింది. తగిలిందంటే దగ్గిరున్నట్టే లా" అనేవారు.

ఆయన తెలుగు అలా ఉండేది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చిన కుటుంబం. ఆ నాటి తెలుగు ఆ నాటిలాగే ఉండిపోయింది. దాని మీద ఇంత అరవం, ఇంత మలయ్, చివర ఇక్కడి 'లా'. అరవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న రెండు మాస్కులూ కలిపి గడ్డం కిందికి లాగి, నోరు పూర్తిగా తెరిచి, మాస్కు సరిగా పెట్టుకోమని అరిచేవారు.

హాకర్ సెంటర్లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, ఒక కుర్చీ విడిచి ఒక కుర్చీకి ఇంటూ గుర్తు టేపు వేసేవారు, అక్కడ కూర్చోకూడదని. ఆయనకి ఆ టేపు మీద నమ్మకం లేదు. ఇక్కడ ఎవరైనా ఒక టిష్యూ పొట్లం కుర్చీలో పడేసి తిండి తెచ్చుకోవడానికి వెళితే, వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ కుర్చీని ఎవరూ ముట్టుకోరు. ప్రభుత్వం టేపు కన్నా ఆ పొట్లానికే జనం ఎక్కువ భయపడతారని ఆయన కనిపెట్టారు. సంచీ నిండా టిష్యూ పొట్లాలు తెచ్చి, టేపున్న ప్రతి కుర్చీలోనూ ఒకటి పెట్టుకుంటూ పోయేవారు. జనం ట్రేలు పట్టుకుని, ఇన్ని పొట్లాల వాళ్ళు ఎక్కడికి పోయారా అని చూస్తూ నిలబడేవారు. తర్వాత్తర్వాత ఒకసారి ఎంగిలి పళ్ళెం మీద రెండు మైనా పిట్టలు కూడబలుక్కుని మెతుకులు ఏరుకుంటుంటే వాటి మధ్య కూడా గొడుగు దింపారు. నేను నవ్వాను. "నవ్వు, నవ్వు. రేపు దగ్గుతావు" అన్నారు.

నాతో ఆయన వైరం మొదలైంది మాత్రం టీకా లైన్లో.

మా వయసు వాళ్ళ వంతు వచ్చిన రోజు. కమ్యూనిటీ క్లబ్బు బయట, పైకప్పున్న నడవలో లైను. నేల మీద అడుగుల బొమ్మలు అతికించారు, ఒక్కో బొమ్మ మీద ఒక్కో మనిషి. మధ్యాహ్నం వాన పట్టుకుంది. నా వంతుకి వచ్చిన బొమ్మ సరిగ్గా పైకప్పు కారే చోట ఉంది. నెత్తి మీద ధారగా పడుతోంది. నేను ఒక అర అడుగు ముందుకి జరిగాను. ఎవరైనా జరుగుతారు. ముందున్నావిడకి అప్పటికీ బోలెడంత దూరం.

డొక్కలో గొడుగు.

"ఏటి గుంటడా, బొమ్మ కనపడతాదా నేదా?"

అంతకు ముందు ఫోన్లో మా ఆవిడతో మాట్లాడుతున్నాను కాబట్టి నాది తెలుగని కనిపెట్టారు.

"ఇక్కడ నీళ్ళు కారుతున్నాయండీ."

"కారనీ. నీళ్ళకి రోగం నేదు. రోగం నీకుంటాది."

"అయితే ఆ గొడుగు కాసేపు ఇవ్వండి."

ఆయన గొడుగు వైపు, తర్వాత నా వైపు చూశారు. నేను ఆయన కళ్ళజోడు అడిగినట్టు.

"ఇది కొలవడానికి. తడవకుండా ఉండడానికి కాదు" అన్నారు. అక్కడితో ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణేమో. మాస్కులు కిందికి లాగి, లైను మొత్తానికి వినపడేలా, "నువ్వు సదువుకున్నోడివా, సదువు కొనుక్కున్నోడివా?" అన్నారు.

లైన్లో మా బ్లాకు తెలుగు కుటుంబాలు రెండున్నాయి. రెండూ నవ్వాయి. వాళ్ళు ఎవరో నాకు ఇప్పటికీ గుర్తే. ఉగాది పచ్చడి తెచ్చిస్తే తీసుకుంటాను గానీ, గుర్తే.

నేను ఆ ధార కింద నిలబడి, తడిసి, లోపలికి వెళ్ళి, టీకా వేయించుకుని, ఏసీ హాల్లో కూర్చున్నాను. టీకా తర్వాత అరగంట గమనించడానికి అక్కడ కూర్చోబెడతారు. తడి బట్టలతో వణకడం మొదలుపెట్టాను. అక్కడున్న అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. టీకా పడలేదేమోనని మరో అరగంట కూర్చోబెట్టారు. వానలో తడిశానని చెప్పాను. "యెస్ సర్, రిలాక్స్ సర్" అని నుదుటి మీద జ్వరం చూసే యంత్రం పెట్టింది. గాజు తలుపు బయట ఆయన గొడుగు ఊపుకుంటూ పొడి బట్టలతో తిరుగుతున్నారు.

తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో లోపాలు వెతికి, అవి సరిచేసేదాకా వెంటపడతాను. ఇంట్లోనూ అంతేనని మా ఆవిడ అంటుంది. తప్పు మాట విని ఊరుకోవడం నా చేత కాదు. అందుకని ఆ రాత్రే కూర్చుని, మీ సిబ్బందిలో ఒక పెద్దాయన ఇలా ప్రవర్తించారని టౌన్ కౌన్సిల్‌కి వివరంగా రాశాను. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. అలాంటి మనిషి తమ సిబ్బందిలో లేరట. కమ్యూనిటీ క్లబ్బుకి రాశాను. వాళ్ళ మనిషీ కాదట.

ఆ జవాబు వచ్చిన మర్నాడు ఆయన్ని మార్కెట్ దగ్గర పట్టుకున్నాను. "అంకుల్, మిమ్మల్ని ఎవరూ నియమించలేదట కదా!" అన్నాను. జన్మలో అంత సంతోషంగా ఏ వాక్యమూ పలకలేదు.

"నియమించేరని నానెప్పుడు సెప్పేను?"

"మరి మెడలో ఆ కార్డు?"

తిప్పి చూపించారు. పెద్దవాళ్ళ బస్సు కార్డు. ఫొటో లోపలి వైపుకి తిప్పి వేసుకున్నారు. "బస్సెక్కడానికి. నువ్వేటనుకున్నావు?" అని, నేను తేరుకునే లోపు గొడుగుతో నా చెప్పు చూపించి, "ఎనక్కి" అన్నారు. నేను వెనక్కి జరిగాను. ఏ అధికారమూ లేని మనిషి మాటకి, ఆ సంగతి రుజువులతో సహా తెలిసిన నేను జరిగాను. అది ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆ తర్వాత మా బ్లాకు లిఫ్టులోకి కూడా వచ్చారు. పక్క బ్లాకు మనిషికి మా లిఫ్టులో ఏం పని? తనిఖీ. నేనూ మా అమ్మాయీ ఎక్కబోతే గొడుగు అడ్డం పెట్టి తర్వాతి లిఫ్టులో రమ్మన్నారు. నేను వాదన మొదలుపెట్టాను. మా అమ్మాయి నా చొక్కా లాగి, "నాన్నా, అంకుల్ ఈజ్ రైట్ లా. సో మెనీ పీపుల్ ఆల్రెడీ" అంది. నా కూతురు. నేను ఫీజు కడుతున్న బడిలో చదువుతున్న నా కూతురు. ఆయన దానికి మాత్రం గొడుగు దించి సెల్యూట్ చేశారు.

ఇలా ఉండగా కొత్త నియమం వచ్చింది. టీకా వేయించుకోని వాళ్ళు కాఫీ షాపుల్లో, హాకర్ సెంటర్లలో కూర్చుని తినకూడదు. పొట్లం కట్టించుకుని పోవాలి. గుమ్మం దగ్గర ఒకరు నిలబడి, ఫోన్లో టీకా గుర్తు చూసి లోపలికి పంపేవారు.

మా బ్లాకు కింది కాఫీ షాపులో ఫ్యాను కింద మూల బల్ల ఆయనది. ఆ బల్లలో ఆయన కూర్చున్న వైపు రంగు వెలిసిపోయి ఉంటుంది. ఆ వారం ఆయన బల్ల దగ్గర కనిపించలేదు. బయట, చెత్త డబ్బా పక్కన నిలబడి ఉన్నారు. ఇక్కడ పార్సెల్ కాఫీ ప్లాస్టిక్ సంచీలో పోసి, దారంతో కట్టి, స్ట్రా గుచ్చి ఇస్తారు. ఆ సంచీ గొడుగు పిడికి తగిలించుకుని, ఒంటరిగా పీలుస్తున్నారు.

నాకు వెంటనే అర్థమైంది. నమ్మబుద్ధి కాలేదు, అంత బాగుంది. పేటనంతా టీకాకి తరిమిన మనిషికి టీకా లేదు!

నేను లోపలికి వెళ్ళి ఆయన బల్ల దగ్గర ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. కాఫీ, టోస్టు చెప్పాను. చాలా నెమ్మదిగా తిన్నాను. మర్నాడూ అంతే. ఆయన నన్ను చూస్తున్నారని నాకు తెలుసు. నేను చూస్తున్నానని ఆయనకీ తెలుసు. శనివారం నేను బయటికి రాగానే ఆయన వచ్చి, నా చెవి దగ్గరగా వంగారు. మీటరు కాదు, జానెడు కూడా లేదు.

"ఒక మాట."

"దూరంగా నిలబడి చెప్పండి అంకుల్."

"గట్టిగా సెప్పే మాట కాదు."

చెప్పారు. పెద్దవాళ్ళకి టీకా మొదలైనప్పుడు ఆయన భార్య వేయించుకోనని మొండికేశారట. షుగరు మనిషి, మోకాళ్ళు బాగోక ఇల్లు కదలరు, పైగా భయం. నువ్వు వేయించుకుంటే నేనూ వేయించుకుంటానన్నారట. ఈయన బయల్దేరి క్లబ్బు దాకా వెళ్ళి, సూదులున్న బల్ల చూసి, వెనక్కి తిరిగి, మార్కెట్లో కాసేపు కూర్చుని, చేతికి ప్లాస్టర్ ముక్క అంటించుకుని ఇంటికి వెళ్ళి, అయిపోయింది, ఏమీ నొప్పి లేదన్నారట. ఆవిడ నమ్మి, రెండు డోసులూ వేయించుకున్నారు.

"ఇప్పుడు మూడోది ఎయ్యాలంతన్నారు. నాతో బాటే వస్తానంటది. నాది మొదటిదే నేదని తెలిస్తే మూడోది ఎయించుకోదు. నా మాట ఇంక సచ్చినా నమ్మదు." గొంతు తగ్గించారు. "నలభైయేళ్ళుగా నమ్ముతాంది గుంటడా. అదొక్కటే ఉంది నాకాడ."

"మీ అబ్బాయితో వెళ్ళండి."

"ఆడు ఆళ్ళమ్మకి సెప్పేస్తాడు. ఒక్కణ్ణీ ఎల్తే గుమ్మం కాడ్నుంచి తిరిగొచ్చేస్తన్నాను. ఇంకెవుళ్ళని తీసుకెళ్ళినా జాలిపడి ఒగ్గేస్తారు. నీకు నా మీద పగుంది. నువ్వు ఒగ్గవు."

నన్ను ఇంత సరిగ్గా అంచనా వేసిన మనిషి ఇంకొకరు లేరు. అది మెప్పో తిట్టో తేల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"సారీ చెప్పండి, వస్తాను" అన్నాను.

"దేనికి?"

"వానలో నిలబెట్టినందుకు. చదువు కొనుక్కున్నానన్నందుకు."

ఆయన నిజంగానే ఆలోచించారు. సంచీలో కాఫీ మొత్తం పీల్చేశారు. "బొమ్మ దాటింది నువ్వు కదేటి?" అన్నారు.

అయినా వెళ్ళాను. దయతో వెళ్ళానని ఎవరూ అనుకోవద్దు. ఆయన భయపడుతుంటే దగ్గర కూర్చుని చూడాలని వెళ్ళాను. నా జీవితంలో అలాంటి అవకాశాలు తక్కువ.

మా పేటలో ఎవరైనా చూస్తారని, రైల్లో దూరంగా వేరే పేటలోని కేంద్రానికి వెళ్ళాం. అక్కడ గొడుగు ఆయన చేతిలో ఉత్త గొడుగే అయిపోయింది. గుమ్మం దగ్గర ఒకసారి, కాగితాల బల్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగారు. రెండుసార్లూ నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. "బొమ్మ మీద నిలబడండి అంకుల్" అన్నాను. నా కళ్ళలోకి చూసి, వెళ్ళి నిలబడ్డారు.

లోపల నర్సు చిన్నపిల్ల. నన్ను చూపించి, "అంకుల్, యువర్ సన్ ఆహ్?" అంది.

"నాట్ సన్" అన్నారు ఆయన. "ఎనిమీ లా."

ఆ అమ్మాయి నవ్వి నాకూ ఒక స్టూలు వేసింది. ఆయన చొక్కా చేతిని పైకి మడిచారు. లోపల చెయ్యి అంత సన్నగా ఉంటుందనుకోలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఆయన కింద కుర్చీ టకటకమంటోంది.

"మాటాడు గుంటడా. ఏదో ఒకటి మాటాడు."

"ఏం మాట్లాడను?"

"నీకు మాటలకి కరువా? నన్ను తిట్టు."

నేను మొదలుపెట్టాను. వానతో మొదలుపెట్టాను. నెత్తి మీద ధార, డొక్కలో గొడుగు, ఎవరెవరు నవ్వారు, ఏసీ హాల్లో ఎంతసేపు వణికాను, అంతా వరసగా. బస్సు కార్డు గురించి చెప్పాను. ఒక ఆదివారం హాకర్ సెంటర్లో ఆయన టిష్యూ పొట్లాల వల్ల నేను బిర్యానీ నిలబడి తిన్న సంగతి ఆయనకి తెలియదు, అదీ చెప్పాను. ఇన్నాళ్ళుగా మా ఇంట్లో ఎవరూ వినని మాటలు. ఆయన కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, మధ్యలో "అది నిజిమే" అనీ, "అది అబద్దం, నువ్వే తోసేవు" అనీ అంటున్నారు. నా ఫిర్యాదుని అంత శ్రద్ధగా విన్న మనిషిని నేనెరగను. చూడాలని వచ్చిన దృశ్యం ఎదురుగానే ఉంది గానీ, ఆపి ఆనందించడానికి వీల్లేకపోయింది. తిట్లలో సరిగ్గా లిఫ్టు సంగతి దగ్గరికి వచ్చాను.

"డన్, అంకుల్" అంది నర్సు.

ఆయన కళ్ళు తెరవకుండానే రెండో చెయ్యి ఎత్తి ఆ అమ్మాయిని ఆపారు. "వెయిట్ లా, గాళ్. లిఫ్ట్ స్టోరీ నాట్ ఫినిష్."

కొన్ని వారాలకి రెండో డోసు. స్టేషన్లో కలవగానే, "మిగిలినవి ఉన్నాయా?" అన్నారు. ఉన్నాయి. మొదటిసారి వచ్చినందుకు ఆయన థాంక్స్ చెప్పకపోవడమే అరగంట సరుకు. మూడో డోసుకి ఆయన భార్యతో వెళ్ళారట. అక్కడ ఎవరు తిట్టారో, ఎలా గట్టెక్కారో నాకు తెలియదు. అడగలేదు. నన్ను పిలవలేదన్న సంగతి మాత్రం మనసులో పెట్టుకున్నాను.

ఫోన్లో టీకా గుర్తు వచ్చిన రోజు దాన్ని పట్టాలా పట్టుకుని కాఫీ షాపు గుమ్మం దాటారు. నేను ఆయన కుర్చీలో ఉన్నాను. లేవమన్నట్టు గొడుగుతో రెండుసార్లు నేల కొట్టారు. ఇంత జరిగాక కూడా! నేను సగం తాగిన కప్పు పట్టుకుని వేరే బల్లకి మారాను.

తర్వాత నియమాలు ఒక్కొక్కటే పోయాయి. అడుగుల బొమ్మలు గీకేశారు, టేపులు పీకేశారు, జనం మళ్ళీ ఒకరి భుజం ఒకరికి రాసుకుంటూ రైలెక్కారు. ఆయన కొన్నాళ్ళు గొడుగుతోనే తిరిగారు. చెయ్యి చాపబోయి, ఆపుకుని, ఆ చేత్తో మెడ గోక్కునేవారు. నన్ను చూస్తే మాత్రం చాపేవారు.

ఆ ఫొటో చూసిన రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆ తెల్ల గుడ్డల కిందికి వెళ్ళాను. ఆయన భార్యని అప్పటిదాకా నేను చూడలేదు. గుండ్రటి ముఖం, కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. పక్కన కొడుకు, నా వయసే ఉంటుంది. నేను దండం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ ఎవరికో చెబుతున్న మాట మధ్యలో ఉన్నారు.

"నాకు సూదంటే పేణం పోయేది. ఆయన అందరికన్నా ముందెల్లి ఎయించుకునొచ్చి, సెయ్యి సూపించి, నాకు దైర్యం సెప్పేరు. నేకపోతే నాను ఆ రోజుల్లోనే పోదును."

కొడుకు నవ్వాడు. ఏడ్చి ఏడ్చి ఉన్న ముఖంతోనే. "అమ్మా, నాన్న అంత తొందరగా వేయించుకున్నారంటే నాకు డౌటే. పంటి డాక్టర్ దగ్గర్నుంచి పారిపోయిన మనిషి. ఫోన్లో టీకా గుర్తు కూడా మొదట్లో ఎప్పుడూ చూపించలేదు."

ఆవిడ చెయ్యి ఒళ్ళో ఆగిపోయింది. కొడుకు వైపు చూశారు. తర్వాత ఫొటో వైపు చూశారు. అప్పటిదాకా ఎప్పుడూ ఆలోచించనిదేదో ఆలోచిస్తున్నట్టు చూశారు.

కొడుకు చెప్పింది నిజం. రుజువులు నా దగ్గరున్నాయి. ఎప్పుడు, ఎక్కడ, ఏ చెయ్యి, అన్నీ.

"లేదండీ, ముందే వేయించుకున్నారు" అన్నాను. "ఆ రోజు ఆయన పక్కన నేనే ఉన్నాను."

కొడుకు నా వైపు తిరిగాడు. "నిజంగానా? భయపడలేదా?"

"ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నీ పేరేటి బాబూ?"

చెప్పాను.